పదహారు రూపాయల చిల్లర

అవ్వ కొంగు ముడి విప్పి, నాలుగు ఐదు వందల నోట్లు కిటికీ గట్టు మీద వరసగా పరిచింది.

"లెక్కవెట్టు బిడ్డా."

లెక్కపెట్టాను. రెండు వేలు.

"మరి పదహారేది?"

పింఛను పైసలు మా ఆఫీసుకు రావవ్వా, పోస్టాఫీసుకు పోతాయి, మీ ఊరి పోస్టాయన వేలిముద్ర తీసుకుని ఇస్తాడు, చిల్లర సంగతి ఆయన్నే అడగాలి అని చెప్పాను. అంతా ఓపిగ్గా విన్నది. "గది నాకెరుకనే. పదహారేది?" అని మళ్ళీ అడిగింది. ఆమె వెనక లైన్లో పన్నెండు మంది ఉన్నారు. పక్కన ఫోను మోగుతోంది. బ్యాగులోంచి నా పదహారు రూపాయలు తీసి ఇచ్చేద్దామనుకుని ఆగిపోయాను. ఒకసారి అట్లా ఇచ్చి చూశాను. మరుసటి నెల ఆ ఊరి నుంచి తొమ్మిది మంది వచ్చారు.

రెండు వేల మీద ఆ పదహారు ఎందుకో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. పెళ్ళిలో చదివింపులు రాయించినా, పంతులుగారి చేతిలో దక్షిణ పెట్టినా మనం సున్నా దగ్గర ఆపం. నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు. 2014 నవంబరులో తెలంగాణలో ఆసరా పింఛన్లు మొదలైనప్పుడు ముసలివాళ్ళకు, భర్త పోయినవాళ్ళకు, చేనేత, గీత కార్మికులకు, ఆ తర్వాత బీడీ కార్మికులకు కూడా వెయ్యి, వికలాంగులకు పదిహేను వందలు ఇచ్చారు. అంతకు ముందు రెండు వందలు, వికలాంగులకు ఐదు వందలు ఉండేది. 2019 జూన్ నుంచి 2,016, 3,016 అయింది. 2023లో వికలాంగులకు 4,016 చేశారు. శుభానికి పదహారు కలిపారు, మంచిదే. నెలనెలా ఆ చిల్లర ఊరూరికీ ఎవరు మోసుకురావాలో మాత్రం ఏ సర్క్యులర్‌లోనూ నాకు కనిపించలేదు.

నేను ఈ ఆఫీసుకు పది రోజుల పని మీద వచ్చాను. 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు, గుర్తుండే ఉంటుంది. భివండి నుంచి, సూరత్ నుంచి కూడా జనం బస్సుల మీద పడి వచ్చి ఇళ్ళల్లో కూర్చున్నారు. ఆ ఫారాలు కంప్యూటర్లో ఎక్కించడానికి టైపింగ్ వచ్చినవాళ్ళు కావాలన్నారు. కాకతీయ యూనివర్సిటీలో ఎంకాం చేసి, హన్మకొండ చౌరస్తాలో పీజీడీసీఏ కంప్యూటర్ కోర్సు నేర్చుకుని ఖాళీగా ఉన్నాను. పది రోజులే అన్నారు. అది అయ్యేసరికి ఆసరా వచ్చింది. "ఇంకో పది రోజులుండమ్మా" అన్నారు. ఆ పది రోజులు ఇప్పటికీ పూర్తి కాలేదు. మండల పరిషత్ ఆఫీసు, పింఛన్ల సెక్షన్, డేటా ఎంట్రీ ఆపరేటర్, ఔట్‌సోర్సింగ్. బీరువా తాళాల నుంచి ప్రజావాణి అర్జీల దాకా అన్నీ నా దగ్గరే ఉంటాయి. సంతకం తప్ప.

పొద్దున వరంగల్ బస్టాండులో నర్సంపేట బస్సు ఎక్కుతాను. ఎక్కడ దిగుతానో మాత్రం రాయను. మా సూపరింటెండెంట్ గారికి ఫోన్లో కనబడినవన్నీ చదివే అలవాటుంది.

ఆఫీసు పాతది. ముసలివాళ్ళు ఇప్పటికీ సమితి ఆఫీసనే అంటారు. నా గది ముందు వరండా, వరండా వైపు కిటికీ, కిటికీకి ఇనుప గ్రిల్. గ్రిల్‌లో కాగితం పట్టేంత సందు కోశారు. ఈ గ్రిల్ మొదట్లో లేదు. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక మహిళా తహసీల్దారును ఆమె ఆఫీసు గదిలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు కదా, ఆ తర్వాత పెట్టించారు. ఆ రోజుల్లో ఎవరైనా సంచిలోంచి నీళ్ళ సీసా తీసినా నా గుండె దడదడలాడేది. ఇప్పుడా భయం పోయింది, గ్రిల్ ఉండిపోయింది. దాని వల్ల వచ్చిన కష్టమేమిటంటే, ముసలివాళ్ళకు నా మాట వినపడదు. వాళ్ళు నోటి కదలిక చూసి అర్థం చేసుకుంటారు. ఇనుప కడ్డీ సరిగ్గా నా నోటి ఎత్తులో ఉంటుంది. అందుకని అరుస్తాను. సాయంత్రానికి గొంతు బొంగురు పోతుంది. ఇంటికి పోయాక మా పిల్లవాడు "అమ్మా, ఇది ఆఫీసు కాదు" అంటాడు.

కుర్చీకి ఒక చక్రం లేదు, దాని కింద పాత ఫైలు అట్ట మడిచి పెట్టుకున్నాను. కీబోర్డులో సున్నా గట్టిగా నొక్కితే గాని పడదు. పింఛన్ల సెక్షన్‌లో సున్నా పడకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కరెంటు పోతే యూపీఎస్ ఏడు నిమిషాలు ఆగుతుంది. నేను లెక్కపెట్టాను.

బాత్రూం సంగతి ఆడవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. బాగున్నది ఒక్కటే, అది సారు చాంబర్ లోపల ఉంది. మీటింగు నడుస్తుంటే లోపలికెట్లా పోతాం? బయటిదానికి నల్లా రాదు. అందుకని ఏళ్ళ తరబడి పొద్దున ఒక గ్లాసు నీళ్ళు తాగి సాయంత్రం దాకా బిగబట్టాను. మూత్రంలో మంట వచ్చి ఎంజీఎం దాకా పోతే అక్కడి డాక్టరమ్మ రోజుకు మూడు లీటర్లు తాగమంది. తాగితే ఎక్కడికి పోవాలో చెప్పలేదు. ఇప్పుడు ఆఫీసు ఎదురుగా ఉన్న అంగన్‌వాడీ టీచరమ్మ వాళ్ళింటికి పోతున్నాను. ఆమె కూడా మనిషి కాబట్టి సరిపోయింది.

జనం ఎక్కువయ్యారు. దీనికి నా లెక్క ఒకటుంది, తప్పయితే దిద్దండి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయింది. అంతకు ముందు అవ్వలు ముప్పై రూపాయలు పెట్టుకుని రావాలి, ముప్పై పెట్టుకుని పోవాలి. అందుకని నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని వారానికి రెండుసార్లు వస్తున్నారు. "ఏం పనవ్వా?" అంటే, "ఏం లే, కొత్త పింఛన్లు ఎప్పుడిస్తరో అడుగుదామని" అంటారు. నాకూ ఫ్రీ బస్సు బాగా కలిసొచ్చింది, నెలకు పదిహేను వందల దాకా మిగులుతున్నాయి. కాబట్టి దీని మీద నేను మాట్లాడకూడదు.

వాళ్ళ దృష్టిలో నేను మీట నొక్కితే పింఛను పడుతుంది, నొక్కకపోతే ఆగుతుంది. నా లాగిన్‌లో నేను చూడగలను, వివరాలు ఎక్కించగలను, పైకి పంపగలను. మంజూరు చేసేది నేను కాదు, మా సారు ఒక్కరూ కాదు. తెరను కిటికీ వైపు తిప్పి చూపిస్తాను, "చూడు తాతా, పెండింగ్ అని ఉంది కదా" అని. తాతకు చదువు రాదు. అయినా తెరను చూపిస్తే కొంచెం శాంతిస్తారు. లోపల ఏదో ఉంది, కదులుతోంది అనిపిస్తుందేమో.

వయసు పేచీ ఇంకో రకం. 2021 ఆగస్టులో 57 ఏళ్ళు నిండినవాళ్ళు దరఖాస్తు చేసుకోమన్నారు, మీ సేవల ముందు లైన్లు కట్టారు. మరుసటి ఏడు ఆగస్టులో మంజూరయ్యాయి. ఆధార్ తీసిన కొత్తల్లో పుట్టిన తేదీ తెలియని వాళ్ళందరికీ జనవరి ఒకటి వేసేశారు. మా మండలంలో సగం ముసలితనం జనవరి ఒకటినే పుట్టింది. సంవత్సరమైనా సరిగ్గా వేశారా అంటే అదీ లేదు. ఆరుగురు మనవళ్ళున్న ఒకామెకు కార్డులో నలభై తొమ్మిదేళ్ళే. పెద్ద కొడుక్కు నలభై ఒకటి. "నేను ఎనిమిదేండ్లకే కన్ననా బిడ్డా?" అని అడిగింది. లైన్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆమె కూడా నవ్వింది. పింఛను మాత్రం రాలేదు. సిస్టం ఆధార్‌లో ఉన్న తేదీనే చదువుతుంది.

వేళ్ళ గురించి చెప్పాలి. బీడీలు చుట్టే ఆడవాళ్ళ చూపుడు వేలూ బొటనవేలూ మీరెప్పుడైనా దగ్గర నుంచి చూశారా? తునికాకు తడిపి, కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచీ మడిచీ ఆ వేళ్ళ మీద గీతలు ఉండవు. నున్నగా, పసుపు పచ్చగా, గోరు పక్కన చర్మం గట్టిపడి అద్దంలా మెరుస్తుంది. ఆ వేలిని మిషన్ మీద పెడితే ఎర్ర లైటు. తుడిచి పెడితే ఎర్ర లైటు. తలనూనె రాసి, నిమ్మకాయతో రుద్ది, వేడి నీళ్ళలో ముంచి, చివరికి చేయి మార్చి పెడితే ఒక్కోసారి పడుతుంది. అసలే పడనివాళ్ళకు మా దగ్గర ఊరి పంచాయతీ కార్యదర్శి తన వేలు పెట్టి ఇప్పించేవాడు. ఇప్పుడు ఫోన్లో ముఖం పట్టే పద్ధతి వచ్చింది. అదీ మంచిదే, వేలి కంటే ముఖం నయం. కాకపోతే మంచం మీద ఉన్నవాళ్ళు కళ్ళార్పాలి, తల నిలబెట్టాలి. పక్షవాతం వచ్చినాయన తలను కోడలు వెనక నుంచి పట్టుకుంటే, ఫోను కోడలి ముఖాన్ని కూడా పట్టి ఒప్పుకోలేదట. ఇది మా పోస్టాయన చెప్పాడు.

ఇక వాట్సాప్. నా ఫోన్లో ఆఫీసు గ్రూపులు పద్నాలుగు. రాత్రి తొమ్మిదీ నలభైకి "మరణించిన పింఛనుదారుల వివరాలు గ్రామాల వారీగా రేపు ఉదయం 10 లోగా, అర్జెంట్" అని వస్తుంది. పంపిస్తాం. పదకొండింటికి "ఈ ఫార్మాట్ కాదు" అని ఇంకో షీటు వస్తుంది. రెండిటికీ తేడా ఒక్క నిలువు గడి. ఇది అడిగినవాళ్ళను కూడా ఎవరో పైనుంచి అడుగుతూ ఉంటారని నాకు తెలుసు. ఆ పైవాళ్ళను ఇంకెవరో. ఎటు తిరిగినా టైప్ చేసేది మాత్రం కుర్చీ కింద అట్ట పెట్టుకున్న మనిషే. ఫోను నాది, డేటా బ్యాలెన్స్ నాది.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. మహాలక్ష్మి, రైతుభరోసా, గృహజ్యోతి, ఇందిరమ్మ ఇల్లు, చేయూత పింఛను, అన్నీ ఒకే ఫారం. రాష్ట్రమంతా కలిపి కోటికి పైగా వచ్చాయి. మా ఆఫీసు మీటింగు హాల్లో ఫారాల కట్టలు కిటికీ ఎత్తు దాకా పేర్చారు. బయటి నుంచి కూడా పిల్లలను పిలిచి కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. పగలు సైటు తిరుగుతూనే ఉండేది, రాత్రి పదకొండు దాటాక బాగా నడిచేది. అందుకని రాత్రుళ్ళు కూర్చున్నాం. భోగి రోజు తెల్లవారుజామున మూడింటికి మా ఆయన బండి మీద వచ్చి తీసుకుపోయాడు. దారి పొడుగునా మంటలు వేసుకుని జనం చలి కాచుకుంటున్నారు. నేను బండి మీదే నిద్రపోయి ఆయన వీపుకు తల కొట్టుకున్నాను.

ఆ ఫారాల్లో ఒకటి నాకు గుర్తుండిపోయింది. అన్ని పథకాల గడుల్లోనూ అడ్డంగా గీతలు కొట్టేసి, చివర ఖాళీలో పెన్సిల్‌తో "నాకు ఏమొద్దు. మా ఊరి బడికి సారును పంపండి" అని రాశారు. అది ఎక్కించడానికి సైటులో గడి లేదు. నేనేం చేశానో అడగొద్దు. వంద ఫారాల కట్టలో అదీ ఒకటి.

మా అందరిలోకీ ఎక్కువ దెబ్బలు తినేది పంచాయతీ కార్యదర్శులు. 9,355 పోస్టులకు పరీక్ష పెట్టి 2019 ఏప్రిల్‌లో జూనియర్ పంచాయతీ కార్యదర్శులుగా తీసుకున్నారు. అందరూ డిగ్రీలు, పీజీలు చదివినవాళ్ళు, బీటెక్‌లు కూడా ఉన్నారు. జీతం పదిహేను వేలు, మూడేళ్ళు ప్రొబేషన్ అన్నారు. 2021లో జీతం 28,719 చేసి, ప్రొబేషన్‌ను ఇంకో ఏడాది పెంచారు. 2023 ఏప్రిల్ 28న సమ్మెకు దిగారు. అప్పుడు మా ఆఫీసు ముందు కూడా టెంటు వేసుకుని కూర్చుంటే నేను లంచ్ టైంలో పోయి కూర్చునేదాన్ని. కార్యదర్శి పొద్దున్నే మురుగు కాలువ ముందు నిలబడి ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి, నర్సరీలో మొక్కలు లెక్కపెట్టాలి, ఇంటి పన్ను వసూలు చేయాలి, చావు పుట్టుక సర్టిఫికెట్లు ఇవ్వాలి, పింఛనుదారుల్లో ఎవరు పోయారో నాకు చెప్పాలి. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారులు వచ్చాక ట్రాక్టర్ డీజిల్‌కు, బ్లీచింగ్ పౌడర్‌కు సొంత జేబులోంచి పెట్టినవాళ్ళు మా మండలంలోనే ఎంతమందో.

2025 జనవరి 21 నుంచి 24 దాకా గ్రామసభలు పెట్టారు. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ళు, రైతుభరోసా, భూమిలేని కూలీలకు ఆత్మీయ భరోసా. నన్ను కూడా ఒక ఊరికి వేశారు, దరఖాస్తులు తీసుకుని రసీదు ఇచ్చే బల్ల దగ్గర. బడి ముందు షామియానా, మైకు. కార్యదర్శి పిల్లవాడికి ముప్పై కూడా ఉండవు. జాబితా పైనుంచి వచ్చింది, అతను తయారు చేసింది కాదు. చదవమన్నారు, చదువుతున్నాడు. ఇరవయ్యో పేరు దాకా అందరూ నిశ్శబ్దంగా విన్నారు. ఆ తర్వాత ఒకాయన లేచి, "ఆగు. నీ ఇల్లు యాడుంది?" అన్నాడు. కార్యదర్శి హన్మకొండ అన్నాడు. "మరి మా ఊర్ల ఎవలకు ఇల్లు లేదో నీకెట్ల ఎరుక?"

న్యాయమైన ప్రశ్నే. అడగాల్సిన మనిషి అక్కడ లేడు, అంతే. ఇంకో ఇద్దరు లేచారు, మైకు వైరు లాగేశారు. పిల్లవాడు మైకు లేకుండానే మిగతా పేర్లు చదివాడు. చేతిలో కాగితం వణుకుతోంది, గొంతు మాత్రం వణకలేదు. నా బల్ల దగ్గర ఒకామె దరఖాస్తు ఇస్తూ, "ఎన్నోసారి ఇచ్చుడు బిడ్డా ఇది?" అని అడిగింది. ఆమె చేతిలో ప్రజాపాలన రసీదు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. మళ్ళీ ఇంకో రసీదు రాసిచ్చాను. అదే కవర్లో పెట్టుకుంది.

నాలుగింటికి అందరూ పోయాక కార్యదర్శి షామియానా వెనక కూర్చుని పొద్దుటి పులిహోర తింటున్నాడు. ఫోను మోగింది. గ్రామసభ ఫోటోలు ఇంకా ఎక్కలేదట, జనం కనిపించేలా ఉండాలట. ఎడమ చేత్తో ఫోటోలు వెతుకుతున్నాడు. "అక్కా, మైకు వైరు లాగకముందుది ఒక్కటే ఉంది, పెట్టనా?" అన్నాడు.

జీతం గురించి రాయమని చాలామంది అడుగుతుంటారు, మనది ఎంత అని. 2021 జూన్‌లో ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు పెంచారు, నాది పదిహేను వేల నుంచి 19,500 అయింది. పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 147 పోగా చేతికి పదిహేడున్నర వేలు. వస్తే. నా జీతం ఏజెన్సీ ఇస్తుంది, ఏజెన్సీకి బిల్లు కావాలి, బిల్లుకు బడ్జెట్ రావాలి. రెండు నెలలు, మూడు నెలలు ఆలస్యం మామూలే, ఒకసారి ఐదు నెలలు పట్టింది. ఏజెన్సీ ఆయన్ను నేను ముఖాముఖి చూసింది రెండుసార్లు. ఫోను చేస్తే, "పైన పెండింగ్ ఉందమ్మా" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కిటికీ గుర్తొస్తుంది. నేనూ రోజూ చెప్పేది అదే. నాకు కనీసం తిప్పి చూపించే తెర కూడా లేదు. మా ఆయన కాశిబుగ్గలో టైర్ల షాపులో పని చేస్తాడు, అదీ ఇదీ కలిపి నెట్టుకొస్తున్నాం. నా పుస్తెలతాడు బంగారం లోన్ల ఆఫీసుకు ఇప్పటికి నాలుగుసార్లు పోయొచ్చింది.

ఇదంతా రాస్తున్నానని నేను ధర్మాత్మురాలిని అనుకోకండి. ఒక తప్పు చెప్పి తీరాలి.

ఒక శుక్రవారం రెండు దాటింది. పొద్దుటి నుంచి సర్వర్ పని చేయలేదు, అప్పుడే వచ్చింది. టిఫిన్ బాక్సు మూత తీశాను. ఒక తండా నుంచి ముసలాయన వచ్చి గ్రిల్ సందులోంచి వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ లోపలికి తోశాడు. తల ఎత్తకుండా "రేపు రా తాతా" అన్నాను. ఆ పని రెండు నిమిషాలది. నాకు ఆకలిగా ఉంది, అంతే. వేరే కారణం లేదు.

మరునాడు రెండో శనివారం. సెలవు.

సోమవారం నేను వచ్చేసరికి వరండాలో కూర్చుని ఉన్నాడు. శనివారం కూడా వచ్చాడట. తాళం చూసి, అటెండర్ అన్న బజారుకు పోయాడేమో, వస్తాడేమో అని సాయంత్రం ఆఖరి బస్సు దాకా కూర్చున్నాడట. ఆడవాళ్ళకైతే ఫ్రీ బస్సు, ఆయన మగవాడు. మూడుసార్లు రానూపోనూ ఛార్జీ పెట్టుకున్నాడు. ఒక కాలు పోలియోతో చచ్చుబడి ఉంది. తిడతాడనుకున్నాను. "నువ్వు రమ్మంటివి గదా బిడ్డా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి చిన్న చీటీలు కోసి పెట్టుకున్నాను. ఎవరినైనా మళ్ళీ రమ్మనాల్సి వస్తే తేదీ, వారం రాసి, సెలవు కాదని క్యాలెండరు చూసి ఇస్తాను. కంప్యూటర్ పేపరు వెనక వైపు వాడితే స్టేషనరీ దండగ అని సూపరింటెండెంట్ గారు ఒకసారి అన్నారు. వెనక వైపే కదా సార్ అన్నాను. ఊరుకున్నారు.

పదహారు సంగతి మధ్యలో వదిలేశాను.

ఆ అవ్వ వెళ్ళిపోయాక, ఈ నెల ఎట్లాగైనా తేల్చాలని వాళ్ళ ఊరి పోస్టాయనకు ఫోను చేశాను. తినేస్తున్నాడనే అనుకున్నాను, ఎవరైనా అదే అనుకుంటారు. తినేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆయన చెప్పింది విన్నాక నా నోట మాట రాలేదు. ఊళ్ళో మూడు వందల పింఛన్లు. మనిషికి పదహారు చొప్పున 4,800 రూపాయల చిల్లర కావాలి. పెద్ద పోస్టాఫీసులో ఐదు వందల నోట్ల కట్టలు ఇస్తారు, చిల్లర లేదంటారు. ఆయన కూడా గ్రామీణ డాక్ సేవకే, రోజుకు నాలుగైదు గంటల ఉద్యోగం కింద లెక్క, పింఛన్ల రోజుల్లో పొద్దుగూకేదాకా కూర్చుంటాడు. ఒక నెల పంతం పట్టి నర్సంపేటలో బ్యాంకుకు పోయి పది రూపాయల బిళ్ళలు సంచిలో పోయించుకుని బండి మీద తెచ్చాడట. అవ్వలు తీసుకోలేదు. "గీ బిళ్ళలు చెల్లయి. కిరాణపోడు తీస్కుంటలేడు. నోటియ్యి" అన్నారట. పది రూపాయల బిళ్ళ మీద మన దగ్గర ఉన్న అపనమ్మకం తెలిసిందే కదా. చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. "మేడం, రెండు నెలలు ఆ సంచి మా ఇంట్లోనే ఉంది. నన్నేం చేయమంటవు?" అన్నాడు.

నాకూ తోచలేదు. సరే, ఒక పని చేద్దాం అన్నాను. బిళ్ళ ఇవ్వు, ఐదూ ఒకటీ ఇవ్వు, బిళ్ళ వద్దన్నవాళ్ళను నా దగ్గరికి పంపు అన్నాను.

పంపాడు! మరుసటి నెల అవ్వ వచ్చింది. కొంగు ముడి విప్పింది. నాలుగు ఐదు వందలు, ఒక ఐదు, ఒక రూపాయి, ఒక పది బిళ్ళ. బిళ్ళను గ్రిల్ సందులోంచి వేలితో నా వైపు నెట్టింది. "గిది మార్చియ్యి." నా బ్యాగులోంచి పది నోటు తీసి ఇచ్చాను. నోటును వెలుతురుకు పట్టి చూసి, మడిచి, ముడి వేసుకుంది. నా మీద ఆమెకున్న కోపం ఆ రోజుతో పోయింది, కొత్త పింఛన్ల సంగతి కూడా అడగలేదు.

అలా వచ్చిన బిళ్ళలు నా సొరుగులో పడి ఉంటున్నాయి. ఇదివరకైతే బస్సులో కండక్టరుకు ఇచ్చేదాన్ని, ఇప్పుడు నాదీ జీరో టికెట్టే. మొన్న శుక్రవారం లెక్కపెడితే ముప్పై ఏడు ఉన్నాయి. జీతం పడి రెండు నెలలు దాటింది, పర్సులో నోట్లు లేవు. ఎనిమిది బిళ్ళలు తీసుకుని, వరంగల్‌లో దిగాక చౌరస్తా దగ్గర దుకాణంలో రెండు పాల ప్యాకెట్లు తీసుకుని ఇచ్చాను. దుకాణం తమ్ముడు వాటిని గాజు సీసాల మూతల మీద పెట్టి నా వైపే జరిపాడు.

"అక్కా, ఇవి నడుస్తలేవు."

"నడుస్తాయి తమ్ముడూ. రిజర్వు బ్యాంకే చెప్పింది" అన్నాను, కిటికీ దగ్గర మాట్లాడే గొంతుతో. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు.

"గది నాకెరుకనే అక్కా" అన్నాడు. "నోటియ్యి."